సెలవు పెట్టని మనిషి

"రేపట్నుంచి పది రోజులు మీరు షాపుకి రావద్దు బ్రహ్మచారిగారూ. సెలవు తీసుకోండి" అన్నాడు వెంకటరత్నం.

కీబోర్డు మీద బ్రహ్మచారి వేళ్లు ఆగిపోయాయి. పద్మారావు నగర్‌లోని ఆ స్కూలు యూనిఫారాల షాపుకి ఆయన అకౌంటెంటు.

"నేను సెలవడగలేదు గద సార్."

"అడక్కపోయినా ఇస్తున్నాను. ఒంటికి మంచిది."

"నా ఒంటికేం తక్లీఫ్ లేదు. జీఎస్టీ రిటర్ను తారీకు నెత్తిమీదికొచ్చింది. అది వేసినంక జెర ఆలోచిద్దాం."

వద్దంటున్నాడు. వెంకటరత్నానికి అనుమానం బలపడింది. సరిగ్గా ఇదే చెప్పాడు, షాపుల లెక్కలు చూసిపెట్టే కంపెనీ నడిపే ఉదయ్ భాస్కర్. నిన్న బేగంపేట హోటల్లో చిన్న వ్యాపారస్తులందరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు. "సెలవు పెట్టని అకౌంటెంటుని నమ్మకండి. మీకంటే ముందొచ్చి, మీ తర్వాత వెళ్లేవాణ్ని అసలే నమ్మకండి. తన కంప్యూటర్ని ఇంకొకర్ని తాకనివ్వడా? అయితే మీ కొంప మునిగినట్టే. పక్కకి జరిగితే బండారం బయటపడుతుందని వాడి భయం." వెంకటరత్నం కాఫీ పక్కన పెట్టి ఒక్కొక్క లక్షణం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అన్నీ బ్రహ్మచారి లక్షణాలే.

ఇక రాత్రంతా కన్ను మూతపడితే ఒట్టు. పొద్దున షాపుకొచ్చి చూస్తే, ఇన్నేళ్లుగా తాను ముచ్చటపడ్డవే ఇప్పుడు వేరేగా కనిపించాయి. గుమ్మం బయట చెప్పులు విప్పడం, కీబోర్డుని తాకి కళ్లకద్దుకోవడం, భార్య కుట్టిచ్చిన దిండు కుర్చీలో సర్దుకుని కూర్చోవడం. అబ్బ, ఏం నటన అనుకున్నాడు.

"పోనీ, ఆ పాస్‌వర్డేదో నాకు చెప్పండి. రిటర్ను నేను వేయిస్తాను."

"మీరు చూస్తనంటే చెప్త సార్. ఇంకొకరి చేతికి మాత్రం ఇయ్యకుండ్రి. వాళ్లు తప్పు కొడితే నోటీసు మీ పేరు మీదొస్తది."

చూశారా, ఇంకొకరు ముట్టుకోకూడదట. వెంకటరత్నం ఏదో అనబోతుండగా బ్రహ్మచారి ఫోను మోగింది. ఆయన పేరు చూసుకుని, తల దించుకుని బయటికి నడిచాడు. వారం రోజులుగా ఇదే వరస. ఫోను రావడం, బయటికి పోవడం, గుసగుసలు. వెంకటరత్నం చొక్కాల బీరువా చాటుకి చేరి చెవులు రిక్కించాడు.

"ఇగ ఫోన్ చెయ్యకుండ్రి, మీకు దండం పెడత. మా సార్‌కు తెలిస్తే బాగుండది."

అంతే, వెంకటరత్నానికి ఒళ్లు మండిపోయింది. ఆయన లోపలికి రాగానే ఎదురెళ్లాడు.

"ఎవరండీ ఫోన్లో?"

"ఎవరో లెండి సార్. పనికొచ్చే ముచ్చట కాదు."

"నాకు తెలిస్తే బాగుండదా? తాళాలు ఇక్కడ పెట్టండి. పది రోజులు కాదు, ఇక అసలు రావద్దు."

బ్రహ్మచారి ముఖం పాలిపోయింది. "నన్ను అనుమానిస్తున్నరా సార్?"

వెంకటరత్నం తాళాల కోసం చెయ్యి చాపాడు. బ్రహ్మచారి తాళాలు బల్ల మీద పెట్టాడు.

"పాస్‌వర్డు మన పాప పేరే సార్. నీహారిక." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. దిండు కుర్చీలోనే ఉండిపోయింది.

నా కూతురి పేరు పెట్టుకుని నాకే ఎసరు పెట్టాడన్నమాట అని వెంకటరత్నం పళ్లు నూరుతూ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా వెతికాడు. తప్పన్నది ఎక్కడా దొరకలేదు. తప్పు దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. ఎంత మొనగాడు కాకపోతే ఇంత శుభ్రంగా దాస్తాడు? సొరుగులు లాగాడు, బల్ల జరిపాడు. చివరికి దిండు మీద కన్ను పడింది. గుడ్డలు కత్తిరించే కత్తెర తెచ్చి నిలువునా చీరేశాడు. దూది తప్ప ఏమీ రాలలేదు. ఆ దూదంతా ఎత్తి చెత్తబండిలో పడేయించి, ఉదయ్ భాస్కర్‌కి ఫోన్ చేశాడు.

"వదిలించుకున్నాను సార్."

"మంచి పని చేశారు. ఇక మీకు దిగుల్లేదు. మా కంపెనీ మనిషిని సోమవారం పంపిస్తాను. జీతం కాస్త ఎక్కువే అవుతుంది."

"ఎంతైనా ఇస్తాను. నమ్మకస్తుడైతే చాలు."

సోమవారం వెంకటరత్నం షటరు తీస్తుండగానే ఫోనొచ్చింది.

"మా మనిషి బయల్దేరాడు సార్. బంగారం లాంటి మనిషి. సెలవన్న మాటే ఎత్తడు. మీకంటే ముందొస్తాడు, మీ తర్వాత వెళ్తాడు. కంప్యూటర్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. ఈ రోజుల్లో అలాంటివాళ్లు దొరకరు."

"అలాంటివాడే కావాలండీ" అన్నాడు వెంకటరత్నం, కళ్లజోడు తుడుచుకుంటూ. మనసు తేలికపడింది.

"వారం రోజులు వెంటపడ్డాను. పాత యజమానిని వదిలి రానంటే రానన్నాడు. ఏమైందో గానీ, మొన్న సాయంత్రం తనే ఫోన్ చేసి ఒప్పుకున్నాడు."

"అలాంటి మనిషిని వదులుకున్నాడంటే, ఆ యజమానెవడో ఒట్టి తెలివితక్కువ దద్దమ్మండీ" అని వెంకటరత్నం హాయిగా నవ్వి, ఫోను పెట్టేసి, తుడిచి పక్కన పెట్టిన కళ్లజోడు కోసం బల్ల తడుముకున్నాడు.

గుమ్మం బయట చెప్పులు విప్పిన చప్పుడైంది. మెడలో కొత్త కంపెనీ కార్డు వేసుకున్న మనిషొకడు తలొంచుకుని లోపలికొచ్చాడు. నేరుగా కంప్యూటర్ దగ్గరికెళ్లి కీబోర్డుని తాకి కళ్లకద్దుకున్నాడు. కూర్చోబోయి, కుర్చీకేసి చూసి ఆగిపోయాడు.

"నా దిండు ఏడ పెట్టిండ్రు సార్?"