ఆపకుండా మాట్లాడాలి

“మెలకువల ఉండంగనే తల కోస్తరా? కడుపుల బిడ్డను పెట్టుకొని ఎట్ల ఓర్సుకుంటది మేడం?” అంటూ ముత్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

డాక్టర్ హర్షిత మూడోసారి ఓపిగ్గా చెప్పింది. ముత్తమ్మ కోడలు శృతికి మెదడులో ఎడమవైపు, మాటలు పుట్టే చోటుకు ఆనుకుని గడ్డ ఉంది. గర్భిణుల్లో ఇలాంటిది చాలా అరుదు. ఇప్పుడు ఆరో నెల. కాన్పు దాకా ఆగితే ఇద్దరికీ ప్రమాదమే. కోసేచోట మొద్దుబరిచే మందు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు. పూర్తి మత్తు ఇవ్వకపోతే లోపలి బిడ్డకూ కొంత మేలు. కాకపోతే గడ్డ తీస్తున్నంతసేపూ శృతి మాట్లాడుతూనే ఉండాలి. మాట తడబడిన చోట చెయ్యి ఆపేస్తారు. ఆపకపోతే ఆ మాట మళ్లీ రాదు.

ముత్తమ్మకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడాలట. అత్వెల్లిలో తన ఇంట కాలు పెట్టి మూడేళ్లయినా నాలుగు మాటలు వరసగా అని ఎరగదు ఆ పిల్ల. ఏమడిగినా తల ఊపడమే. ఈ రెండు నెలలుగా అదీ సరిగ్గా లేదు. ఉప్పు తెమ్మంటే గరిటె తెచ్చి నిలబడేది. ఏదో చెప్పబోయి, “అది... అది...” అంటూ ఆగిపోయేది. పొగరనుకుంది ముత్తమ్మ. తలనొప్పి, వాంతులు అంటే కడుపుతో ఉన్న ప్రతి ఆడదానికీ ఉండేవేనని కసిరింది. ఆ సంగతి ఇప్పుడు గుండెలో ముల్లులా గుచ్చుతుంటే, ఏం చెయ్యాలో తోచక కొడుకు మీద విరుచుకుపడింది.

“నువ్వన్న చెప్పవేందిరా? బొమ్మ లెక్క నిలబడ్డవ్.”

జీడిమెట్లలోని మందుల కంపెనీ నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చేసిన పరమేష్ టేబుల్ మీదున్న ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం వైపు చూశాడు. డాక్టర్ కాగితాన్ని శృతి ముందుకు జరిపింది. శృతి అటు మొగుణ్నీ చూడలేదు, ఇటు అత్తనూ చూడలేదు. సంతకం పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే శృతిని ఆపరేషన్ థియేటర్ లోపలికి తీసుకుపోయారు. ముత్తమ్మ థియేటర్ తలుపు దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతి నర్సునూ శృతి మాట్లాడుతోందా అని అడిగింది. ఒకామె తనకు తెలియదంది. ఇంకొకామె కూర్చోమంది. మరొకామె అసలు ఆగనే లేదు. పరమేష్ టీ తెస్తే అది చేతిలోనే చల్లారిపోయింది.

“అది మాట్లాడదురా. ఆళ్లు గడ్డను సగంల ఇడిసిపెడ్తరు. నాకెరుకే గా పిల్ల సంగతి,” అంది.

ఈ మూడేళ్లలో ఒక్కపూటైనా ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నీ మనసులో ఏముందని అడిగానా అని వెతుక్కుంది. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక డాక్టర్ బయటికొచ్చింది. గడ్డ దాదాపు మొత్తం వచ్చేసిందని, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని చెప్పింది. పరమేష్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ముత్తమ్మ మాత్రం కదలలేదు.

“మాట ఉన్నదా మేడం?”

“ఉందమ్మా. మూడు గంటలపాటు ఆపకుండా మాట్లాడింది.”

“మా శృతేనా? గన్ని మాటలు ఏం మాట్లాడింది?”

డాక్టర్ ముఖానికున్న మాస్కు కిందికి లాక్కుంది.

“మొదట్నుంచి చివరిదాకా మిమ్మల్నే తిట్టిందమ్మా. ఒక్క మాట కూడా తడబడలేదు.”