బోధకుడి నల్లమందు

బోధకుడు లీవెన్ రాసిన భక్తిపద్యాలను తలగడ దగ్గర చదివితే, చనిపోయేవారు ప్రశాంతంగా వెళ్లిపోతారని వేరె అనే డచ్చి పట్టణంలో అందరూ నమ్మేవారు. ఆ శీతకాలం లీవెనే కడుపులో పుండుతో మంచం పట్టాడు.

"మాయ్కే, ఆ నల్లమందు చుక్కలియ్యవే తల్లీ."

కూతురు మాయ్కే సీసాను ఒళ్లో పెట్టుకుని, తోలు అట్ట పుస్తకం తెరిచింది. "నొప్పి దేవుని హస్తము, దానిని త్రోయకుము..."

"పద్యాలెందుకే ఇప్పుడు! మందియ్యి!"

పక్కనే కూర్చున్న సంఘపెద్ద హుబ్రెఖ్ట్ ఉండబట్టలేకపోయాడు. "ఇచ్చెయ్యమ్మా. వైద్యుడు ఇమ్మన్నాడుగా."

"మా అమ్మకీ ఇమ్మన్నాడు పెద్దయ్యా. మత్తులో పోతే దేవుడికి సాక్ష్యం చెప్పడం కుదరదని నాన్న ఇయ్యనియ్యలేదు. అమ్మ అరుస్తుంటే పక్కన కూర్చుని ఈ పుస్తకమే చదివాడు."

"ఆవిడ ప్రశాంతంగా పోయిందన్నారే!"

"ఎవరన్నారు? నాన్నే కదా."

లీవెన్ చేయి చాచాడు. "నాకు తెలీదే అమ్మా. ఇంత నొప్పి ఉంటుందని ఒట్టు, నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా నాన్నా," అని మాయ్కే పుట తిప్పి, తర్వాతి పద్యం అందుకుంది.

హుబ్రెఖ్ట్ సీసా వైపు చేయి చాచబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. టోపీ పెట్టుకుని బయటికి నడిచి, తలుపు దగ్గరగా వేశాడు.

లీవెన్ మర్నాడు మధ్యాహ్నం దాకా అరిచి చనిపోయాడు. వసంతంలో వెలువడిన కొత్త ముద్రణ తొలి పుటలో, కవి తన పద్యాలు వింటూ ప్రశాంతంగా కన్నుమూశాడని అచ్చయింది. కింద హుబ్రెఖ్ట్ సంతకం ఉంది.