లైన్లో ఉండండి

కాన్పు గది తలుపు అవతల కియోషా ఉంది. ఇవతల వరండాలో ఫోన్ చెవికి ఆనించుకుని వెర్నెల్ నిలబడి ఉంది. బీమా వాళ్ళ అనుమతి నంబరు వస్తేగానీ ఆ తలుపు తెరుచుకోదు.

వెర్నెల్ డౌలా. పురుడు పోయడం ఆమె పని కాదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా తల్లి పక్కనే ఉండి, నడుం పట్టి, ధైర్యం చెప్పి, డాక్టర్లు మాట వినిపించుకోకపోతే వినిపించుకునేలా చేయడం ఆమె పని. డెట్రాయిట్‌లో లేనివాళ్ళకు ఆ ఖర్చు ఇప్పుడు ప్రభుత్వ బీమాయే భరిస్తోంది. కియోషాకూ మంజూరైంది. కానీ ఈ నెలలో ఆమె కార్డును ఒక పథకం నుంచి ఇంకో పథకానికి మార్చారు. పాత అనుమతి చెల్లదని నర్సు వెర్నెల్‌ను గుమ్మంలోనే ఆపేసింది.

కిందటిసారి కియోషా తల పగిలిపోతోందని మొత్తుకుంటే, కడుపుతో ఉన్నప్పుడు తలనొప్పి మామూలేనన్నారు. కాసేపటికి మూర్ఛ వచ్చింది. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. అప్పుడు పక్కన ఎవరూ లేరు. ఇప్పుడూ లారీ నడిపే భర్త ఇంకా ఒహాయో రాష్ట్రం దాటలేదు. పొద్దున కారులో వస్తున్నంతసేపూ ఆమె వెర్నెల్ చెయ్యి వదల్లేదు. తనను ఒక్కదాన్నే లోపలికి పంపొద్దని మాత్రం అంది.

బీమా సహాయ కేంద్రం తరఫున ఫోన్ ఎత్తిన అమ్మాయి పేరు బ్రియెల్. వివరాలన్నీ ఓపిగ్గా తీసుకుంది. అర్జెంటని రాసి పైఅధికారికి పంపానని, జవాబు వచ్చేదాకా లైన్లో ఉండమని చెప్పింది.

వెర్నెల్ ఉంది. అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఉన్నావా అమ్మాయ్? శాండ్‌విచ్ తింటున్నావా ఏంటి?"

"ఉన్నాను మేడమ్. సారీ." గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "మీరు లోపలికి వెళ్తే ఆమెకు ఏం చేస్తారు?"

వెర్నెల్‌కు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరిగి ఈ సంజాయిషీయే ఇచ్చుకుంటోంది. నర్సులుండగా నువ్వెందుకని అడగనివాడు లేడు. ఇది కూడా కంప్యూటర్లో ఎక్కించాలా అని అడిగింది.

"చెప్పండి, ప్లీజ్. నొప్పి వచ్చినప్పుడు పడుకోవాలా, కూర్చోవాలా?"

నంబరు ఈ పిల్ల చేతిలో ఉంది. వెర్నెల్ కోపం దిగమింగింది. వెల్లకిలా పడుకోనివ్వనని చెప్పింది. మోకాళ్ళ మీద ఉంచి, కుర్చీ మీదికి వాలమంటానని చెప్పింది. పళ్ళు బిగబట్టకుండా, వేడి టీ మీద ఊదినట్టు నెమ్మదిగా ఊపిరి వదలమంటానంది.

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు.

తలుపు అవతలి నుంచి కియోషా అరుపు వినిపించింది. వెర్నెల్ అద్దంలోంచి తొంగి చూసింది. తెర తప్ప ఏమీ కనపడలేదు.

"జవాబు వచ్చిందా తల్లీ? ఆ పిల్ల అక్కడ ఒక్కతే ఉంది."

ఇంకా రాలేదని, మళ్ళీ గుర్తు చేశానని బ్రియెల్ చెప్పింది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. ఏం కనిపిస్తే ప్రమాదమని అనుకోవాలి? రక్తం ఎక్కువగా పోయినా, కళ్ళు మసకబారినా, తల పగిలిపోతున్నా, ఉమ్మనీరు పచ్చగా ఉన్నా ఆగకూడదంది వెర్నెల్. బ్రియెల్ ఒక్కొక్కటీ తిరిగి పైకి అనుకుంది. ఇంత శ్రద్ధగా విన్న ఆఫీసు మనిషి వెర్నెల్‌కు ఇంతవరకూ తగల్లేదు. తనను పరీక్షిస్తోందేమో. అన్నీ సరిగ్గా చెప్తేనే నంబరు ఇస్తారేమో.

"ఈ తోడు అందరికీ ఇస్తారా మేడమ్?"

"మీ కార్డున్నవాళ్ళకే. నాలుగు రాళ్ళు ఎక్కువ సంపాదిస్తే చేతినుంచి పెట్టుకోవాలి. లేదంటే లేదు. నీకు తెలీదా?"

"తెలుసు," అంది బ్రియెల్. కాస్త ఆగి, "మరి భయపడితే ఏం చెప్తారు?" అంది.

వెర్నెల్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఏముంది చెప్పడానికి. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను అంటాను. ఈ నొప్పి ఒక్కటి దాటు చాలు, తర్వాతది తర్వాత చూద్దాం అంటాను. ఎన్నిసార్లయినా అవే అంటాను. నీ కంప్యూటర్లో దీనికి గడి ఉందో లేదో నాకు తెలీదు."

అవతల సన్నగా ఏదో వినిపించింది. ఏడుపో, నవ్వో తెలీలేదు. అంతలో నంబరు వచ్చిందని, రాసుకోమని బ్రియెల్ చెప్పింది. ఒక్కో అంకె దగ్గరా ఆగి ఆగి చదివింది. వెర్నెల్ అరచేతి మీద రాసుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. నర్సు చూసి తలుపు తీసింది. లోపల మంచం కమ్మీ పట్టుకుని కియోషా ఇటే చూస్తోంది.

వెళ్తున్నానని, ఈ మేలు మర్చిపోనని చెప్పి వెర్నెల్ ఫోన్ కట్ చేయబోయింది.

"కట్ చేయకండమ్మా," అంది బ్రియెల్, "జేబులో పెట్టుకోండి చాలు, ఆమెకు చెప్పేవన్నీ నేనూ వింటాను, నేను ఇంటి నుంచే పని చేస్తాను, మా ఆయన వచ్చేదాకా ఇక్కడ నేనొక్కదాన్నే, మీరు ఫోన్ చేసేటప్పటికే నాకు నొప్పులు మొదలయ్యాయి."