మేడం గారి మనిషి

“కాన్పులో ఎవరైనా కొట్టారా?” అని అడిగింది ఆసుపత్రి పురుళ్ళ వార్డుకు వచ్చిన పరిశోధకురాలు.

“అబ్బే, లేదమ్మా,” అంది పొద్దున్నే బిడ్డను కన్న బాలింత. ఆమె తొడ మీద అయిదు వేళ్ళ అచ్చులూ కమిలి ఉన్నాయి.

“మరి ఇదేంటి?”

“అదీ ఒక కొట్టడమేనా? కేకలేస్తే అందరికీ పడేదే. కారులో వచ్చినావిడకి తప్ప.”

పురిటి గదుల్లో పేదకీ గొప్పకీ జరిగే తేడా మీదే పరిశోధకురాలి పని. ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.

పక్క మంచం మీద నొప్పులు పడుతున్న పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఇప్పుడు నన్నే లోపలికి తీసుకెళ్తారు. నేను మీ మనిషినని నర్సమ్మతో ఒక్క మాట చెప్పరా?”

తలుపు దగ్గర నర్సు గ్లౌజులు తొడుక్కుంటోంది. పరిశోధకురాలు ఆమె వైపు తిరిగింది.

“సిస్టర్, ఈ అమ్మాయి మా మనిషి.”

“అయ్యో, ముందే చెప్పొద్దా మేడం! రా తల్లీ, మెల్లగా నడువు బంగారం.”

తలుపు మూసుకుంది. ఆ గొంతులోని తేనెకు, దాన్ని రప్పించిన తన మాటకు పరిశోధకురాలు తల దించుకుంది.

తలెత్తేసరికి, వరసగా ఉన్న మంచాల మీద నిండు చూలాళ్ళంతా మోచేతుల మీద లేచి ఆమెనే చూస్తున్నారు.

“అమ్మా, మా పిల్ల కూడా మీ మనిషే కదూ?” అంది చివరి మంచం దగ్గరి ముసలమ్మ.