అన్నీ నా చేతులతోనే

రీసెర్చ్ పేపరు సారాంశం కొట్టేయడానికి సారుకి పట్టిన సమయం నలభై సెకన్లు. పైన ఉన్న అమ్మాయి పేరు తీసేశాడు, తన పేరు పెట్టాడు, పత్రికకి పంపేశాడు.

పేపరంతా ఎవరు చదివి చచ్చారు, సారాంశం బాగుంటే చాలన్నది ఆయన సిద్ధాంతం. యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లలకి సారాంశం రాయడం నేర్పేదీ ఆయనే. "సమస్య ఒక్క వాక్యం. ఏం చేశారో రెండు. ఏం తేలిందో అంకెలతో సహా మూడు. దానివల్ల ఎవరికేం ఒరిగిందో ఒకటి. రెండొందల యాభై మాటలు దాటిందా, నేను చదవను" అనేవాడు. పిల్లలు చాటుగా ఆయన్ని సారాంశం సారు అనేవాళ్ళు. ల్యాబు మెట్లెక్కి మాత్రం మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులట.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆ సారాంశం పాఠం విన్న మర్నాడే ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. టమాటాలకి పల్చగా మైనం పూసి, చలీ తేమా అదుపులో ఉండే చాంబర్లో పెడితే, పంతొమ్మిది రోజులకే కుళ్ళిపోయేవి కాస్తా ముప్ఫై ఒక్క రోజులు నిలిచాయని అందులో ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. చదువుతుంటే సారుకి ప్రాణం లేచొచ్చింది.

"సార్, అందులో అంకెలు..." అని అమ్మాయి ఏదో చెప్పబోయింది.

"అంకెలు నేను చూసుకుంటాలేమ్మా. అయినా ఈ టమాటాల గొడవ నీకెందుకు? అందరూ నమిలి ఊసేసిన టాపిక్కది. హాయిగా బంగాళాదుంపల మీద పడు."

అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

పాపం, సారు బాధ సారుది. ఈ ఏడాది ఒక్క మంచి పేపరు పడకపోతే ప్రొఫెసరు పోస్టు ఇక ఈ జన్మకి లేనట్టే. ఆయన తర్వాత ఐదేళ్ళకి ఉద్యోగంలో చేరిన తోడల్లుడు అప్పుడే ప్రొఫెసరైపోయి, కనబడినప్పుడల్లా "ఏం అన్నయ్యా, ఇంకా తేల్లేదా?" అని పరామర్శిస్తున్నాడు. భార్య పైకి ఏమీ అనదు గానీ, చెల్లెలు ఫోన్ చేసిన రోజు వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువవుతుంది. ఆ చప్పుడు భరించడం సారు వల్ల కావడం లేదు.

సారాంశం చేతిలో ఉన్నాక పేపరెంతసేపు? చివర ముప్ఫై ఒకటి తేలేలా వెనకనుంచి ముందుకి పట్టికలు అల్లేశాడు. పేపరు అచ్చయింది. ప్రొఫెసరు పోస్టుకి ఇంటర్వ్యూ తేదీ కూడా వచ్చింది.

దానికి వారం ముందు ఇంటికొక ఉత్తరం వచ్చింది. పేపరు మీద అభ్యంతరం ఉందనీ, రికార్డులతో సహా విచారణ కమిటీ ముందుకి రమ్మనీ రెండే రెండు వాక్యాలు.

"ఆ పిల్ల నా కొంప ముంచింది" అనుకున్నాడు సారు.

భార్య ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీసింది. "నిజం చెప్పండి, ఇది మీరే రాశారా?"

"నేను కాక నీ మరిది రాస్తాడా?"

ఇక మూడు రోజులు సెలవు పెట్టి కూర్చున్నాడు. ప్రయోగం జరిగినట్టు రోజుకో పేజీ లెక్కన ముప్ఫై ఒక్క పేజీల ల్యాబు నోటుపుస్తకం పుట్టించాడు. నాలుగు రంగుల పెన్నులు మార్చాడు. అక్కడక్కడా కాఫీ చుక్కలు చల్లాడు. కొత్త వాసన పోవడానికి డాబా మీద ఎండబెట్టాడు కూడా. ఇప్పుడు ఆ అమ్మాయి తల్లకిందులుగా తపస్సు చేసినా ఇది తనదని రుజువు చెయ్యలేదు.

కమిటీ గదిలో ముగ్గురు సభ్యులున్నారు. మధ్యలో పెద్ద మేడమ్. ఒక పక్క అమ్మాయి తల దించుకుని కూర్చుంది. తలుపు దగ్గర స్టోర్‌కీపరు ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఉన్నాడు. కుర్చీలు లెక్క చూసుకోవడానికి వచ్చాడు కాబోలనుకున్నాడు సారు.

"ముందు నువ్వు చెప్పమ్మా" అంది మేడమ్. "ఈ ప్రయోగం చేసింది నువ్వా?"

"కాదు మేడమ్. నేనసలు మొదలే పెట్టలేదు."

సారు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఎంత మంచి పిల్ల! గురువంటే భయం, భక్తీ ఉన్న పిల్ల. వీలైనంత త్వరగా దీనికి డాక్టరేటు ఇప్పించెయ్యాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"మరి మీరేమంటారు?"

"అన్నీ నా చేతులతోనే మేడమ్" అన్నాడు సారు నోటుపుస్తకం ముందుకి తోస్తూ. "మూడొందల టమాటాలు. పూత పూసింది నేను. డిపార్ట్‌మెంటుకున్న ఒక్కగానొక్క చాంబర్లో పేర్చింది నేను. ముప్ఫై ఒక్క రోజులూ పొద్దున్నే దాని తలుపు తీసి చూసుకుని రాసింది నేను. మోకాళ్ళు అరిగిపోయాయంటే నమ్మండి."

"ఇంకెవరి చెయ్యీ పడలేదు?"

"పడనివ్వలేదు."

"అదే రాసి సంతకం పెట్టండి."

సారు రాశాడు. సంతకం పెట్టి, కింద రెండు గీతలు కూడా లాగాడు. అడక్కుండానే ఇంకో కాపీ మీదా పెట్టాడు.

మేడమ్ ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని తలుపు వైపు తిరిగింది. "ఇక నువ్వు చెప్పవయ్యా, నువ్వు పెట్టుకున్న అర్జీ ఏమిటో."

స్టోర్‌కీపరు లేచి మొహమాటంగా నిలబడ్డాడు.

"పెద్ద విషయమేం కాదండీ, మీ చాంబరు వచ్చి ఎనిమిది నెలలైంది, చెక్కపెట్టెకి కొట్టిన మేకు కూడా ఊడకుండా ఇంకా నా స్టోర్లోనే ఉంది, కాస్త ఎప్పుడు పట్టుకెళ్తారో చెప్తే..."