నమ్మదగిన పెద్దలు

“కొడతారా, కొట్టరా? ఒక్క ముక్కలో చెప్పండి!”

బల్లకి అవతల కూర్చున్న బస్సు డ్రైవరు కుర్చీ అంచుకి జరిగాడు. పక్కనే ఏడో తరగతి చదివే కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు.

కౌన్సెలర్ మేడమ్ పెదవి విరిచింది. బడిలో పిల్లలు ఆవిడని చాటుగా ‘ప్రమాణాల మేడమ్’ అంటారు. అనరూ మరి! విద్యార్థి వికాస ప్రమాణాలంటూ గోడనిండా రంగురంగుల చార్టులు అంటించి, పసిపిల్లల మనసులకి మార్కులేస్తుందాయె. కోపం ఆపుకుంటే ఇన్ని, స్నేహం చేస్తే ఇన్ని. ఏడ్చినా దానికో గడి ఉంది. ఇలాంటి తండ్రుల్ని ఎంతమందిని చూడలేదు తను! పొద్దస్తమానం రోడ్డు మీద హారన్ మోగించి, ఇంటికొచ్చి ఆ కసి పిల్లల మీద తీర్చుకునే బాపతు.

“వీడి మీద ఇంతవరకూ చెయ్యెత్తలేదు మేడమ్. తల్లి లేని పిల్లాడు.”

“అందరిదీ ఇదే పాట! మరి పోయిన వారం నా దగ్గరికొచ్చి, ‘ఇంట్లో కొడుతుంటే ఎవరికి చెప్పాలి’ అని ఎందుకడిగాడు? నాకే చెప్పాలన్నాను. ‘మీకు కాకుండా?’ అన్నాడండీ, ఎంత పొగరు! ‘నమ్మదగిన పెద్దల్ని గుర్తించి సాయం అడగడం’ అనే ప్రమాణంలో వీడికి సున్నా చుట్టాను.”

“ఫ్రెండ్ కోసం అడిగాను మేడమ్,” గొణిగాడు కుర్రాడు.

“ఆహా! దొరికిపోయిన ప్రతివాడికీ ఓ ఫ్రెండ్ పుట్టుకొస్తాడు. మా అమ్మాయీ నీ క్లాసే కదరా, చూసి నేర్చుకో. అన్ని ప్రమాణాల్లోనూ ఫస్టు. అడిగిందానికి టక్కున జవాబు చెబుతుంది. పెంపకమంటే అదీ!”

డ్రైవరు తల వాలిపోయింది. ఆవిడకి ఇంకాస్త ఊపొచ్చింది. ఫోను చేతిలోకి తీసుకుంది.

“పిల్లల సంరక్షణ ఆఫీసుకి చెప్పేస్తున్నా. ఇవాళే వచ్చి వీణ్ణి తీసుకెళ్లి వాళ్ల హాస్టల్లో పెడతారు.”

“అమ్మా, అంత పని చెయ్యకండి! వాడు తప్ప నాకింకెవరూ లేరు. మీ కాళ్లు పట్టుకుంటాను,” అంటూ అంత మనిషీ భోరుమన్నాడు.

“ఆ ఏడుపేదో వచ్చేవాళ్ల ముందు ఏడవండి.”

తండ్రి ఏడవడం ఎన్నడూ చూడలేదు కుర్రాడు. దిగ్గున లేచాడు.

“మా నాన్న కొట్టడు! నిజంగా ఫ్రెండ్ కోసమే అడిగాను!”

“అలాగా! ఎవరో ఆ ఫ్రెండు?”

“ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.”

“ఒట్టు తీసి గట్టున పెట్టు. పేరు చెప్తావా, నంబరు నొక్కమంటావా?”

వాడు నాన్న వంక చూశాడు. ఫోను పట్టుకున్న ఆవిడ చేతి వంక చూశాడు.

“మీ అమ్మాయే, మేడమ్.”