మా వార్డు ప్రజాశత్రువు

జనాకర్షక రాజకీయాల మీద జీవితమంతా పరిశోధన చేసిన నాకు చివరికి ప్రభుత్వోద్యోగం దొరికింది. పెద్దవాళ్ళంతా తామూ సామాన్యులమేనని ప్రకటించుకోవడంతో, తిట్టడానికి మనిషి కరువై, ప్రతి వార్డుకీ ఒక ప్రజాశత్రువును జీతమిచ్చి పెట్టారు. మా వార్డుకి నేను. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే జనం వచ్చి తిట్టాలి. గుమ్మానికున్న యంత్రం వాళ్ళ కోపాన్ని కొలుస్తుంది.

మావాళ్ళకి కోపం రాలేదు. ఎదురింటి సువార్తమ్మ మజ్జిగ తెచ్చేది. "భార్య పోయిన మనిషిని ఏమని తిడతామండీ?" అనేది.

ఒకరోజు తనిఖీ అధికారి వచ్చాడు. "ఇవాళ కూడా కోపం చాలకపోతే మీ పోస్టు తీసేస్తాం మాష్టారూ."

సువార్తమ్మ వెళ్ళి వీధినంతా పిలుచుకొచ్చింది. "మాష్టారి ఉద్యోగం పోతదంట. కాస్త గట్టిగా తిట్టండయ్యా."

నవ్వుకుంటూనే మొదలుపెట్టారు. "ఇంగ్లీషు పుస్తకాల దొంగ," అన్నాడు టైలరు మస్తాన్.

"మన కుళాయి నీళ్ళు ఈయనే తాగేశాడు," అన్నారు వెనక నుంచి.

"అందుకేనా మూడ్రోజులుగా రావట్లేదు?" అంది మరో గొంతు.

అందరూ ఎండిపోయిన వీధి కుళాయి వైపు చూశారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మస్తాన్ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

సువార్తమ్మ నాకు అడ్డంగా నిలబడింది. "ఊరికే అనమన్నాను గదరా, ఆయనేం చేశాడు?"

యంత్రం చూసి అధికారి మురిసిపోయాడు. నా ఉద్యోగం ఐదేళ్ళు పొడిగించాడు. వెళ్ళేముందు సువార్తమ్మ పేరు రాసుకున్నాడు.

పక్క వార్డులో శత్రువు పోస్టు ఖాళీగా ఉందట.